నీలి సాక్ష్యం

ఆపరేషన్ చేయించుకోకుండానే చేయించుకున్నట్టు పెళ్లాన్ని నమ్మించాలని మేకప్ మాస్టారు నిర్ణయించుకున్నాడు.

ముప్పై ఏళ్లుగా నాటకాల వాళ్లకు మొహాలు దిద్దుతున్న చెయ్యి. కత్తిపోటు, కాలిన మచ్చ, కుట్లు పడిన నుదురు, ఏది కావాలన్నా పావుగంటలో తయారు. డబ్బాలకొద్దీ దొంగ రక్తం కలిపిన ఆ మనిషికి అసలు రక్తం చుక్క కనిపిస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి.

గొడవంతా ఎడమ మడమ మీద కందిగింజంత నల్లమచ్చతో వచ్చింది. ముక్క తీసి పరీక్షకు పంపితే మెలనోమా అన్నారు. చర్మానికి వచ్చే క్యాన్సర్లలో అది మహా మొండిది.

"ఈ మచ్చ ఒక దొంగ అనుకోండి," అంది డాక్టరమ్మ. "వాడు పారిపోతే ముందు తలుపు తట్టేది గజ్జల్లో ఉండే బిళ్లల్ని. మచ్చని చుట్టూ వెడల్పుగా కోసి తీసేస్తాం. గజ్జల్లోనూ చిన్న కోత పెట్టి, వాడు మొదట దూరే బిళ్ల ఏదో పట్టుకుని, తీసి సోదా చేస్తాం. అందులో లేడంటే చాలావరకు గండం గడిచినట్టే. ఆలస్యం చేశారో, ఒళ్లంతా తిరిగేస్తాడు."

'కోత' అన్న మాట దగ్గరే మాస్టారి చెవులు మూతపడ్డాయి. ఆ బిళ్లని ఎలా కనిపెడతారో డాక్టరమ్మ ఇంకో పది నిమిషాలు చెప్పింది. ఆయన గోడ గడియారం చూస్తూ బుద్ధిగా తలూపాడు. పక్కన కూర్చున్న భార్య మాత్రం పొల్లు పోకుండా నోటుపుస్తకంలో రాసుకుంది.

ఆవిడ బడిపంతులమ్మ. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పరీక్ష హాల్లో ఎవడైనా చొక్కా చెయ్యి సవరించుకుంటే చాలు, చీటీ ఏ మడతలో ఉందో కూర్చున్న చోటినుంచే చెప్పేస్తుంది. మాస్టారి అదృష్టం కొద్దీ, ఆపరేషన్ రోజు పొద్దున ఆవిడకు పరీక్ష డ్యూటీ పడింది. సెలవు పెడతానంది.

"వద్దొద్దు. పిల్లల పరీక్షలు పాడుచేయకు. మా ప్రాంప్టరు తోడొస్తాడు. నువ్వు మధ్యాహ్నం వద్దువుగాని," అన్నాడు మాస్టారు, త్యాగం ఉట్టిపడేలా.

ఆ పొద్దున ఆయన ఆసుపత్రి ఛాయలకే పోలేదు. ఫోను కట్టేసి, తెరచాటునుంచి నటులకు మాటలందించే ప్రాంప్టరుతో కలిసి రిహార్సల్ గదిలో దూరాడు. మడమకు కట్టు కట్టాడు, గజ్జల దగ్గర పట్టీ అంటించాడు. కట్టు మీద మందు మరక, అంచున రవ్వంత దొంగ రక్తం. ఎంత బాగా కుదిరిందంటే, దాన్ని చూడలేక ఆయనే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నొప్పీ లేదు, పాడూ లేదు. కొత్త నాటకం అయ్యాక నిజంగానే చేయించుకుంటాలేరా," అన్నాడు.

"వదినకు తెలిసిందా, నాకు మేకప్ అక్కర్లేకుండానే గాయాలవుతాయి అన్నయ్యా," అన్నాడు ప్రాంప్టరు.

మధ్యాహ్నం ప్రాంప్టరు ఇంటినుంచి ఫోన్ చేసి, అయిపోయింది, పంపేశారని చెబితే, పంతులమ్మ పరుగున వచ్చింది. మాస్టారు మంచం మీద పడుకుని, కొలిచినట్టు మూలుగుతున్నాడు.

"ఇంత తొందరగా పంపేశారా?"

"చిటికెలో తేల్చేశారు వదినా," అన్నాడు ప్రాంప్టరు, గోడవైపు చూస్తూ.

ఆవిడ వంగి కట్టు చూసింది. "ఎంత నీటుగా కట్టారండీ! బొమ్మ గీసినట్టుంది." తర్వాత సంచిలోంచి నోటుపుస్తకం తీసి పేజీ తిప్పింది. "బిళ్లని కనిపెట్టడానికి ఎక్కించే నీలం మందు సంగతి గుర్తుందిగా? రెండు రోజులు మూత్రం నీలంగా వస్తుంది. రాకపోతే ప్రమాదమట, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలట. ఈసారి వెళ్లినప్పుడు ఫ్లష్ కొట్టకుండా నన్ను పిలవండి."

"గుర్తు లేకపోవడమేంటి!" అన్నాడు మాస్టారు. ప్రాంప్టరు చెప్పులు చేత్తో పట్టుకునే జారుకున్నాడు.

పంతులమ్మ వంటింట్లోకి వెళ్లగానే మాస్టారు కుంటడం కూడా మరచిపోయి మేకప్ పెట్టె దగ్గరకు ఉరికాడు. భూతం వేషానికి వాడే నీలం సీసా లుంగీ మడతలో దోపుకుని బాత్రూంలో దూరాడు. రెండు చుక్కలు చాలనుకున్నాడు. ఎందుకైనా మంచిదని మూడోదీ వేశాడు.

"ఏమేవ్, ఇటు రా! ఎంత నీలమో చూడు!"

పంతులమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. కళ్లల్లో నీళ్లు నిండాయి. చేత్తో తుడుచుకుంది.

మాస్టారి గుండె చివుక్కుమంది. పాపం, ఇన్నాళ్లూ ఎంత భయపడిందో, నీలం కనబడేసరికి ఆగలేకపోయింది! నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది గానీ, కత్తి గుర్తొచ్చి మింగేశాడు. బతుకు జీవుడా అని వెళ్లి మంచమెక్కాడు.

ఆవిడ వరండాలో ఎవరికో ఫోన్ చేసి మాట్లాడి వచ్చింది. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"డాక్టరమ్మతో మాట్లాడాను. రేపు పొద్దున ఏడింటికల్లా రమ్మంది. పరీక్షలు ఎవరైనా చూసుకుంటారు, నేనే తీసుకెళ్తాను. నాకు మీరు కావాలండీ."

"మళ్లీ ఎందుకే? నీలం వచ్చిందిగా?"

"అందుకేనండీ. మీరు గడియారం చూసిన ఆ పది నిమిషాల్లో ఆవిడ చెప్పిందదే, కొన్నిచోట్ల నీలం వాడతారట గానీ, వాళ్ల ఆసుపత్రిలో ఎక్కించే మందుకి అసలు రంగే ఉండదట."