పచ్చ గుర్తు పలక

“ఈ పలక ఈ కుప్పది కాదు సార్” అనేశాక ఆగయ్య నాలుక కరుచుకున్నాడు.

అడగకుండానే, కలప తనిఖీకి వచ్చిన ఆడిటర్‌కి తప్పు చూపించిన స్టోర్ కీపర్ సూరత్ మొత్తం మీద తనొక్కడే అయ్యుంటాడు. సూరత్ పక్కనే ఉన్న కిమ్ ఊళ్లోని ఆ కుర్చీల ఫ్యాక్టరీకి సర్టిఫికెట్ కావాలి. అడవిని పద్ధతిగా కొట్టి మళ్లీ పెంచేవాళ్ల కలపే వాడుతున్నారని అందులో రాసుండాలి. అది వస్తేనే విదేశీ ఆర్డరు. రాకపోతే మొదట ఇంటికి పోయేది ఆగయ్యే. అలాంటి కలపకు వేసే పచ్చ గుర్తున్న చెక్క ఒకవైపు, లేనిది మరోవైపు పెట్టడమే అతని ఉద్యోగం. అదీ చాతకాలేదు.

“పచ్చ గుర్తుంది కదా?” అన్నాడు ఆడిటర్ సోమలింగం.

“ఎవడో తప్పు ఏసిండు సార్. ఇది మన దిక్కు అడివి టేకు. వాసన చూస్తె ఎరుకైతది.”

సోమలింగం ఆ పలకను పక్కన పెట్టించాడు. యజమాని దినేశ్ భాయ్‌కి తెలుగు రాదు. ఇద్దరూ ఒకే భాషవాళ్లు కాబట్టి పనైపోయినట్టే అనుకుని, సంతోషంగా చాయ్ చెప్పడానికి వెళ్లాడు.

“ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావు?”

ఇప్పుడైనా నోరు మూసుకోవాలి. కానీ ఆగయ్య నోరు ఆగయ్య మాట ఎన్నడూ వినలేదు.

“దొంగతనం చేసి సార్. ఇరవై ఏండ్ల కింద ఆదిలాబాద్ అడివిల కూలికి టేకు కొట్టిన. ఏడుగురం. ఒక్కొక్కడు ఒక్కో ఊరోడు, మొఖాలకు తువ్వాలలు. జీపొస్తే ఈల ఎయ్యమని ఒకణ్ని గుట్ట మీద నిలబెట్టిన్రు. జీపొచ్చింది, ఈల రాలే. వాడు ఎటో ఉరికిండు. నేను దుంగ భుజానేసుకొని రోడ్డు మీదికొచ్చిన. లారీ అనుకొని ఫారెస్టోళ్ల జీపుకే చెయ్యెత్తిన.”

సోమలింగం నవ్వలేదు. “జైలా?”

“ఆర్నెల్లు. బయటికొచ్చి సూరత్ రైలెక్కిన. మగ్గాలు నడిపిన, గిప్పుడు గీడ.” ఆగయ్య చేతులు జోడించాడు. “దొంగను స్టోరుల పెట్టిన్రని రాయకుండ్రి సార్. నాతోని ముప్పై మంది పని పోతది.”

సోమలింగం కాగితం ముందుకు లాక్కున్నాడు. ‘స్టోర్ కీపర్ నమ్మదగినవాడు, సర్టిఫికెట్ ఇవ్వవచ్చు’ అని రాసి, పైకి చదివి వినిపించాడు. ఫైలు మూసి, ఆగయ్య ముఖం చూడలేక తల దించుకున్నాడు.

“ఈల ఎయ్యాల్సినోణ్ని నేనే.”