బర్మింగ్‌హామ్ నుంచి పిన్ను

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో, అపార్ట్‌మెంట్ మెట్ల కింద పోస్టు డబ్బా తెరిచి, అందులోని నోటీసు చూసి దామోదర్ కెవ్వుమన్నాడు.

"సుమతీ! పిన్ను వచ్చేసింది! వచ్చింది గానీ, కస్టమ్స్ వాళ్లు ఆపేశారు!"

పిన్నంటే చీరకి పెట్టుకునేది కాదు. రైఫిల్‌లో తూటా వెనక కొట్టే ఫైరింగ్ పిన్ను. చిటికెన వేలంత ఉంటుంది. అది విరిగితే ఎంత గొప్ప రైఫిలైనా బట్టలు ఆరేసుకోవడానికి తప్ప పనికిరాదు. ఆగస్టులో ఎవరో ఇంట్లో పాత సామాన్లమ్మే గరాజ్ సేల్‌లో కొన్న పాత ఇంగ్లీషు రైఫిల్‌కి సరిగ్గా అదే విరిగింది. అమెరికాలో ఎక్కడా దొరకలేదు. దామోదర్ ఫారాలన్నీ నింపి, పర్మిట్ తెచ్చుకుని, బర్మింగ్‌హామ్‌లోని ఓ షాపుకి ఆర్డర్ పంపాడు. ఆరు వారాలుగా పోస్ట్‌మ్యాన్ కనిపిస్తే చాలు, ఎదురెళ్లి నిలబడుతున్నాడు.

1983 నవంబర్. ఈ శనివారమే ఊళ్లో రైఫిల్ క్లబ్ పోటీ. అది తప్పితే మళ్లీ ఏప్రిల్‌లోనే. ఏప్రిల్ దాకా ఆగడం తన వల్ల కాదని దామోదర్ భార్యతో తేల్చి చెప్పేశాడు.

వంటింటి తలుపు చాటు నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"సుమతీ, పార్సిల్ సంగతేమైందో అల్లుడుగారిని కనుక్కోవే."

అన్నపూర్ణమ్మ అమెరికా వచ్చి ఐదు నెలలైంది. అల్లుడి ఎదుట పడదు. అల్లుడితో మాట్లాడదు. వాళ్లిళ్లల్లో అది మర్యాద. మాట్లాడకుండానే ఇల్లంతా చేతిలోకి తీసుకుంది. సిగరెట్లు మాయమయ్యాయి. పొద్దున్నే కాఫీకి బదులు మెంతుల నీళ్లు వచ్చాయి. ఆదివారం టీవీలో ఫుట్‌బాల్ వచ్చే వేళకి సరిగ్గా విష్ణు సహస్రనామం క్యాసెట్ మొదలవుతుంది. రంపచోడవరం అడవుల్లో ఫారెస్ట్ రేంజర్‌తో ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఈ రెండు గదుల అపార్ట్‌మెంట్ ఓ లెక్కా?

ఆవిడ తిరుగు టికెట్ సోమవారానికి ఉంది. ఆ తారీఖు చుట్టూ దామోదర్ క్యాలెండర్‌లో ఎర్ర సున్నా చుట్టుకున్నాడు.

శుక్రవారం ఆఫీస్‌కి సెలవు పెట్టి నేవార్క్ కస్టమ్స్‌కి డ్రైవ్ చేశాడు. పంపినవాళ్లు డబ్బాలో పర్మిట్ కాపీ పెట్టడం మరిచిపోయారట. దామోదర్ తన కాపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"నువ్వు వేటాడతావా?"

"నేను గుడ్డు కూడా తినను సార్."

"మరెందుకు ఇంత తొందర?"

"సోమవారం మా అత్తగారు ఇండియా వెళ్లిపోతున్నారు సార్. ఆలోగా ఈ తుపాకి పేలాలి!"

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చెయ్యి మెల్లగా ఫోన్ మీదికి వెళ్లింది.

"అయ్యయ్యో, అది కాదు సార్! పోటీ! క్లబ్‌లో పోటీ!" దామోదర్ జేబులన్నీ తడుముకుని, చెమటకి తడిసిన క్లబ్ కాగితం బయటికి తీశాడు.

ఇన్‌స్పెక్టర్ దాన్ని రెండుసార్లు చదివాడు. గట్టిగా నవ్వాడు. స్టాంపు వేశాడు.

దారి పొడుగునా దామోదర్ కార్‌లో పాడుతూనే ఉన్నాడు. టోల్ బూత్‌లో ఉన్నావిడకి కూడా ఒక చరణం వినిపించాడు.

శనివారం ముగ్గురూ క్లబ్‌కి వెళ్లారు. అత్తగారు నేతచీర మీద సుమతి కోటు తొడుక్కుని, కాళ్లకి మేజోళ్లు వేసుకుని వెనక సీట్లో కూర్చుంది. దామోదర్ రైఫిల్ మోశాడు. కొత్త పిన్ను బిగించాడు. బోర్లా పడుకోవడానికి నేల మీద చాప పరిచాడు. పిన్ను సరిగ్గా కూర్చుందో లేదో!

కూర్చుంది. మొదటి తూటా నల్లచుక్క నట్టనడుమ దిగింది. రెండోదీ అక్కడే. పదో తూటాకి, పక్క వరసలో ఉన్న రిటైర్డ్ పోలీసాయన తన రైఫిల్ పక్కన పెట్టేసి చప్పట్లు కొట్టాడు.

దామోదర్ గాల్లోకి ఎగిరాడు. "నెగ్గాం సుమతీ! నెగ్గాం!" అంటూ భార్య చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పాడు. కప్పు పట్టుకొచ్చిన క్లబ్ ప్రెసిడెంట్‌ని కూడా వాటేసుకున్నాడు. ఇంత సంతోషం అతనికి గ్రీన్ కార్డ్ వచ్చిన రోజున కూడా కలగలేదు.

అప్పుడు అన్నపూర్ణమ్మ చాప మీంచి లేచి, కుచ్చిళ్లు దులుపుకుని, ఇంకా వేడి చల్లారని రైఫిల్ దామోదర్ చేతిలో పెట్టి, ఐదు నెలల్లో మొదటిసారి నేరుగా అతనితోనే, "నెగ్గినవాళ్లకి స్టేట్ పోటీ ఏప్రిల్‌లోనట అల్లుడుగారూ, సోమవారం టికెట్ కాన్సిల్ చేయించండి" అంది.