కడిగిన వెలుగు

తునిలో ఇప్పుడు ఇంటింటా అదే పని. నక్షత్రాలను ఒరుసుకుంటూ తిరిగే భారీ గ్రహాల వెలుగును పరిశోధనశాల వాళ్లు వంటింటి కంప్యూటర్ తెర మీదికే పంపుతారు. అందులో నక్షత్రపు మినుకులను ఏరేస్తే ఆ గ్రహపు గాలి జాడ మిగులుతుంది. వరదమ్మ బియ్యంలో రాళ్లు ఏరినంత శ్రద్ధగా ఏరుతుంది.

"మీ చెయ్యి పడితే మచ్చుకైనా మరక మిగలదత్తయ్యా," అంది కోడలు కుసుమ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

వరదమ్మ తన చేతివేళ్ల వంక చూసుకుంది. పోయినేడు అక్క చనిపోయేముందు ఫోనులో రికార్డు చేసి పంపిన మాటలను కూడా ఆ చేత్తోనే శుభ్రం చేసింది. దగ్గు, ఆయాసం, వెనకాల కుక్కరు కూత, అన్నీ తీసేసి, అసలు రికార్డింగును చెరిపేసింది. ఇప్పుడు వింటే ప్రతి మాటా స్పష్టంగా ఉంది. అక్క మాత్రం లేదు. ఎవరో వార్తలు చదువుతున్నట్టుంటుంది.

"ఇదేంటత్తయ్యా, ఈ గ్రహం వెనకాల తోకలాగా ఏదో వణుకుతోంది! తీసెయ్యనా?"

తెర మీదికి వెళ్తున్న కోడలి చెయ్యిని వరదమ్మ గబుక్కున పట్టుకుంది.

"వద్దే. ఆ నక్షత్రం వేడికి దాని గాలి ఎగిరిపోతోందేమో."

"మరకుంటే వెనక్కి పంపేస్తారు కదండీ."

"పంపితే పంపనీ. అది దాని ఆయాసమేమో, ఉండనీవే."