లక్ష్మీపతి ఎండుబోరు

“నీ ఆస్తులేముండాయో చెప్పప్పా” అన్నాడు ప్లీడరు చిన్నస్వామి.

“అస్తులా? పోయినేడే కావేరిలో కలిపేస్తిమి సార్” అన్నాడు లక్ష్మీపతి, చనిపోయిన తండ్రిని తలుచుకుని.

“అస్థికలు కాదయ్యా, ఆస్తులు.”

“ఓ, అవా. అవీ కలిసిపోయినాయి సార్.”

మదనపల్లె కోర్టు పక్కన ఆ చిన్న గదిలో అందరూ నవ్వారు, శాంతకుమారి తప్ప. పేరులో ఉన్న శాంతం ఆమె మొహంలో లేదు. మొగుడు కుప్పంలో ఇంకో సంసారం పెట్టాడని తెలిసి విడాకులడిగిన మనిషి. పుంగనూరులో సంపాదించిందంతా తీసుకెళ్ళి కుప్పంలో కుప్ప పోశాడని ఆమె అనుమానం. రుజువు లేదు. ఈ రోజు ఏదో ఒకటి చేతికి రాకపోతే, ఇద్దరాడపిల్లలతో తమ్ముడింట్లో పడి ఉండాలి.

“లారీ?” అన్నాడు ఆమె తరఫున అడుగుతున్న ప్లీడరు.

“అమ్మేస్తి.”

“ఇల్లు?”

“మాయమ్మ పేరు మీద ఉండాది.”

“పెద్దపంజాణి దగ్గర నేల?”

“అదుండాది. వట్టి రాళ్ళు. మొన్న బోరేస్తే దుమ్ము తప్ప ఏం రాలా. పైన బండ పెట్టి మూసేస్తి. కోర్టుకు గూడా ప్రమాణం చేసి రాసిచ్చినా, సూసుకోండి.”

పేరుకు లక్ష్మీపతి. లక్ష్మి ఎటూ లేదు, ఈ పూటతో పతీ కాడు.

శాంతకుమారి మొదటిసారి నోరు తెరిచింది.

“బోరేసే రోజు నన్ను రామసముద్రం, మాయమ్మోళ్ళింటికి తోలేస్తివి. పాపం, ఆ బోరుబండోళ్ళకు గుక్కెడు టీ అన్నా పోసినావా, పిసినారోడా?”

లక్ష్మీపతికి రోషం పొడుచుకొచ్చింది.

“నేను పిసినారినా? పొట్టేలు కోసి పెట్టినా. కడుపులు పగిలేట్టు తిని పోయినారు. పోయి అడుగు.”

“మంచిది” అంది శాంతకుమారి. “సార్, నాకింకేం వద్దు. ఆ నేల రాయించండి, సాలు.”

తమ్ముడు చిన్నప్ప తల పట్టుకున్నాడు.

“అక్కా, నీకేమన్నా పిచ్చా? ఆ రాళ్ళేం చేసుకుంటావు, పచ్చడి నూరుకుంటావా?”

అతనికంటే ఎక్కువ కంగారు లక్ష్మీపతిదే.

“వద్దు శాంతా. ఆడ గడ్డి గూడా మొలవదు. పిల్లోళ్ళేం తింటారు? పాలిచ్చే ఎనుములు రెండుండాయి, తోలుకోని పో. మాయమ్మతో చెప్పి ఇంట్లో ఒక గది ఇప్పిస్తా.”

బోరులో రాని నీళ్ళు అతని కళ్ళలో వచ్చాయి.

“బావ మంచోడే” అని గొణిగాడు చిన్నప్ప.

“నేలే” అంది శాంతకుమారి.

ప్లీడరు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. “ఎందుకూ పనికిరాదని నువ్వే రాసిస్తివి గదప్పా. పనికిరానిది ఇచ్చేదానికి యాల ఏడస్తాండావు?”

లక్ష్మీపతి కళ్ళు తుడుచుకుని పెన్ను అందుకున్నాడు. సంతకం పెట్టాడు.

సాయంత్రానికి కోర్టు ముద్ర పడింది. నేల శాంతకుమారిదయింది.

మెట్లు దిగుతూ చిన్నప్ప మళ్ళీ గింజుకున్నాడు. “ఇప్పుడన్నా చెప్పక్కా. ఆ ఎండుబోరులో ఏం సూసినావు?”

శాంతకుమారి ఆగింది. వెనక వస్తున్న లక్ష్మీపతితో సహా అందరికీ వినపడేట్టు చెప్పింది:

“నీళ్ళు పడితేనే గదరా బోరుబండోళ్ళకు పొట్టేలు కోసేది, ఎండిన బోరుకు టీనీళ్ళు గూడా ఎవురూ పొయ్యరు.”