మామగారి సూది

“ఆ పాడు సూదే నా కొడుకు కొంప ముంచింది!” అంటూ రత్నం ఏలూరు ఆసుపత్రి వార్డంతా అదిరేలా ఏడ్చింది.

మంచం మీద వెస్లీ కళ్ళు మూసుకున్నాడు. కొల్లేటి చేపల చెరువుల్లో రోజంతా వల లాగిన మనిషి. పొట్ట కుండలా ఉబ్బి, ఇప్పుడు పక్కకి ఒత్తిగిలడమే గగనమైపోయింది.

కిందటేడు కామెర్లొస్తే మామగారు బాలస్వామి అత్తిలి నుంచి వచ్చి, సూదితో చేతి మీద గీరి పసరు రాశాడు. ఊరందరినీ గీరేది ఆ సూదితోనే.

“అసలా పురుగు లివర్లోకి ఎలా దూరిందండీ?” అని రత్నం డాక్టర్ని అడిగింది.

“లివరు కణం పైన రిసెప్టరని ఒక తలుపుంటుందమ్మా. పైత్యరసం లవణాలు లోపలికి రావడానికి. హెపటైటిస్-బి వైరస్ దాన్నే పట్టుకుని చప్పుడు కాకుండా లోపలికి పోతుంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది.”

“ఆ తలుపు మూసేయండి బాబూ!”

“లోపల కాపురం పెట్టేశాక మూసి ఏం లాభమమ్మా? లివరు గట్టిపడిపోయింది.”

“పోనీ, నా రక్తమంతా తీసి వీడికి ఎక్కించండి.”

ఇంటిల్లిపాదికీ నిన్ననే రక్తపరీక్షలు చేయించిన డాక్టరు ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాడు. వెస్లీ భార్య బ్లెస్సీని, ఆమె తండ్రి బాలస్వామిని బయటికి పిలిచి ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

బ్లెస్సీ ఒక్కతే లోపలికొచ్చింది. రత్నం కోడలి రెక్క పట్టుకుంది.

“చెప్పవే! మీ నాన్న సూది వల్లేనా?”

బ్లెస్సీ తల దించుకుంది. “అవునత్తయ్యా. దాని వల్లే.”

వరండాలో బాలస్వామి తువ్వాలు నోట్లో కుక్కుకుని కూలబడ్డాడు. రత్నం ఆయన మీదికి దుమ్మెత్తి పోస్తూ వెళ్ళింది. వెస్లీకి ప్రాణం ఉసూరుమంది. లేచి అడ్డుపడదామంటే ఒంట్లో ఓపిక లేదు.

“కన్నతండ్రిని అంత మాట ఎలా అన్నావు బ్లెస్సీ?”

“నాన్నే అలా చెప్పమన్నాడండీ. ‘నింద నా మీద వెయ్యమ్మా, లేకపోతే ఆవిడ బతకదు’ అన్నాడు.”

“అమ్మకేమైంది?”

బ్లెస్సీ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మీరు పుట్టినప్పుడే, ఆవిడ నుంచి వచ్చిందటండీ.”