పదకొండో నంబరు కాటేజీ

జూన్ ఏడో తారీకు. ఆ ఉదయం మేనేజరు తిన్నది రెండు అరటిపళ్లు, అదీ రిసెప్షన్ బల్ల వెనక నిలబడే.

మూడో పండు ఒలిచేలోపు పదకొండో నంబరు కాటేజీ పెద్దాయన వచ్చాడు.

"అమ్మా, ఈతకొలను మెట్ల మీద నాచు పట్టింది. కాలు జారుతుంది."

ఆమె పండు పక్కన పెట్టి ఫిర్యాదుల పుస్తకం తెరిచింది. తేదీ రాసింది. గది నంబరు గడిలో పదకొండు అని వేసింది. ఆయన సంతకం పెట్టి, నవ్వి, వెళ్లిపోయాడు.

మూడు రోజుల్లో అది నాలుగో ఫిర్యాదు. తలుపు కిర్రుమంటోందని ఒకటి, వేడినీళ్లు రావట్లేదని ఒకటి, గొడుగు చిరిగిందని ఒకటి. అన్నీ ఆయనవే.

ఆమె ఇంకా పూర్తి మేనేజరు కాదు. పాత మేనేజరు మానేశాక, ఒక్క వారం నడిపి చూపించమంది యజమానురాలు. "ఆదివారం వచ్చి పుస్తకం చూస్తాను. కుర్చీ నీదో కాదో అప్పుడు చెబుతాను" అంది.

చూపించగలనని ఆమెకి గట్టి నమ్మకం. పదేళ్లుగా తను పనిచేస్తున్న తోట రిసార్టు అది. ఏ చెట్టు ఎప్పుడు కాయ రాలుస్తుందో, ఏ వంటవాడు ఎప్పుడు అలుగుతాడో ఆమెకి తెలుసు. వానలు పడుతున్నా పదకొండు కాటేజీలూ నింపింది. నెలల తరబడి మూసి ఉన్న పదకొండోది కూడా తాళం దులిపి ఇచ్చేసింది. తనిఖీ కాగితం మీద 'చూశాను' అని బల్ల దగ్గరే సంతకం పెట్టింది. అక్కడిదాకా వెళ్లే తీరిక లేదు.

"మళ్లీ వచ్చాడా సణుగుడు తాత?" అన్నాడు మరమ్మతులు చేసే బాబాయ్, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని. వరసకి ఎవరికీ బాబాయ్ కాదు, అందరికీ బాబాయే.

"నాచట. వెంటనే గీకించెయ్ బాబాయ్. ఈయన నా కుర్చీ కాళ్లు విరిచేలా ఉన్నాడు."

"నువ్వింకా కూర్చుంటేగా, విరగడానికి."

మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు.

"అమ్మా, గడ్డి కోసే యంత్రం ఏడింటికే మొదలవుతోంది. తొమ్మిది దాటాక పెట్టుకోమంటావా?"

"మీరు అయిదింటికే లేచి తిరుగుతున్నారట కదా సార్."

"నేనైతే లేస్తానమ్మా."

ఆమె పళ్లు బిగించి పదకొండు అని వేసింది.

ఆ మర్నాడు, దారిలో దీపం వెలగట్లేదన్నాడు.

"సార్, సెలవులకి వచ్చారు" అంది ఆమె. మొహాన నవ్వుంది, మాటలో ముల్లుంది. "ఊయలలో హాయిగా పడుకోక లోపాలు వెతుక్కుంటూ తిరగడం దేనికి?"

"పడుకుంటే చెవులకి వేరే పనేముంది? అందరి మాటలూ వినిపిస్తాయి."

"మీ గదిలో కార్డుంది. ఇబ్బందులేమైనా ఉంటే దాని మీద రాసి పంపండి. ఇంత దూరం నడవక్కర్లేదు."

"ఆ కార్డు వేరే పనికొచ్చిందమ్మా" అన్నాడాయన, కొంచెం మొహమాటపడుతూ.

ఆదివారం పొద్దున్నే ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "వస్తానమ్మా, నీకు మంచి జరగాలి" అన్నాడు. ఆమె తలెత్తకుండానే తాళంచెవి మేకుకి తగిలించింది. వ్యాను కదిలిన చప్పుడుకి ప్రాణం తేలికపడింది.

మధ్యాహ్నం యజమానురాలు వచ్చింది. భోజనాల దగ్గర అందరినీ పలకరించింది. తర్వాత పుస్తకం తిరగేసింది.

"వచ్చినవాళ్లంతా నిన్ను తెగ మెచ్చుకుంటున్నారు. అడక్కముందే అన్నీ బాగయ్యాయట. ఈ పదకొండో నంబరు మనిషిని పట్టించుకోకు. ఎక్కడికెళ్లినా ఇలాంటివాడు ఒకడుంటాడు. కుర్చీ నీదే."

సాయంత్రం ఆమె ఆ కుర్చీలో మొదటిసారి కూర్చుంది. కాళ్లు గట్టిగానే ఉన్నాయి.

"పీడ వదిలింది బాబాయ్. పదకొండుకి తిరిగి తిరిగి నీ చెప్పులు అరిగిపోయుంటాయి."

"పదకొండుకా? ఆ వైపు నేను అడుగే పెట్టలేదు."

"మరి దీపం?"

"మూడో నంబరు దారిలోది. చేతికర్రతో నడిచే ముసలావిడ అక్కడే తూలిందట. గడ్డి యంత్రం మోగేది ఆరో నంబరు కిటికీ కింద, పసిబిడ్డ తల్లి ఉంది చూడు, అక్కడ. రాత్రంతా మేలుకుని తెల్లారాక కునుకు తీస్తుందట పాపం. ఆ పెద్దాయనే నన్ను ఒక్కొక్కచోటికీ తీసుకెళ్లి చూపించాడు."

"వాళ్లెవరూ నాతో అనలేదే."

"ఉండేది నాలుగు రోజులు, ఎందుకొచ్చిన గొడవ అనుకునే రకాలు. అందుకే ఆయన అడిగాడు."

ఆమె పుస్తకం తెరిచింది. గది నంబరు గడి నిండా పదకొండు, పదకొండు. అన్నీ తన చేతిరాతే. ఒక్కసారైనా ఏ గది అని అడగలేదు.

"మరి పదకొండులో ఏమీ పాడవలేదా?"

"నాకేం తెలుసు? చూశానని సంతకం పెట్టింది నువ్వుగా."

ఆమె తాళంచెవి తీసుకుని, వెదురు పొదలు దాటి, చివరిదాకా నడిచింది. పొద్దు వాలుతోంది.

గదిలో మంచం గోడవారకి జరిపి ఉంది. అది ఉండాల్సిన చోట ఒక బకెట్టు. పైకప్పు నుంచి చుక్క పడి, ఆగి, మళ్లీ పడుతోంది. ఫ్యాను మీట నొక్కింది. తిరగలేదు.

బయటికొచ్చి తలుపు లాగింది. గడియ పడలేదు. చెయ్యి తీయగానే తలుపు తనంతట తనే మెల్లగా తెరుచుకుంది.

అప్పుడు కనిపించింది, గడప మీద నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క. సందులో దూర్చి దూర్చి అంచులు నలిగి ఉన్నాయి.

మడతలు విప్పింది. 'మీ గదిలో ఏమైనా లోపాలుంటే దయచేసి ఇక్కడ రాయండి.' దాని కింద అచ్చువేసిన గీతలు పది. ఒక్క గీత మీదా అక్షరం లేదు.

ఆమె ఆ కార్డుని ఆయన మడతల్లోనే మళ్లీ మడిచి, సందులో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు లాగి ఆ రాత్రికి మూసింది.