ఎత్తాల్సిన చెయ్యి

"నీ కాళ్లు పట్టుకుంటానక్కా, చెయ్యెత్తకు," అంటూ తమ్ముడు కౌన్సిల్ హాలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. లోపల ప్లాస్టిక్ సంచుల నిషేధం మీద చేతులెత్తే ఓటింగు మొదలవబోతోంది.

"ఊళ్లో కాలవలన్నీ సంచులతో పూడుకుపోయాయిరా," అంది కౌన్సిలరైన అక్క.

"నా సంచుల మిషను ఆగితే నా ఇంట్లో పొయ్యి వెలగదు. తోడబుట్టినదానివి, నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

అక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడి వెనకే నిలబడ్డ మరదలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే, నన్నేం చెయ్యమంటావు?"

మరదలు కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది.

"ఎత్తండి వదినా."

"మతిపోయిందా నీకు?" అన్నాడు తమ్ముడు.

"సంచులు అతికించే పొగకి ఊపిరాడట్లేదని ఎన్నిసార్లు చెప్పాను! ఈ ఒక్క ఆర్డరూ అంటూనే ఉన్నారు. మీ అంతట మీరు ఆపరు. ఆపేదాకా నేను బతికుండను."

"రేపట్నించి ఏం తింటామే?" అన్నాడతను.

"తెలీదండీ," అందామె మళ్లీ దగ్గుతూ.

అతను ఆమెను పొదివి పట్టుకుని, గోడవారగా బల్ల మీద కూర్చోబెట్టాడు.

"వెళ్లక్కా," అన్నాడు తలెత్తకుండానే.